తువ్వాలు కింద స్కౌట్ల బేరం

ఫుట్‌బాల్‌ను ఏ కొసన తన్నాలో కూడా తెలియకుండా ఒక ఫుట్‌బాల్ స్కౌటు ఉద్యోగం ఊడగొట్టిన తెలుగువాడు ఆస్ట్రేలియా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. మనవాళ్ళు ఇక్కడ డాక్టర్లయ్యారు, ప్రొఫెసర్లయ్యారు, చర్చిల్లో పెద్దలయ్యారు. ఈ ఘనత జోలికి మాత్రం ఎవరూ రాలేదు. పైగా నేను ఊడగొట్టింది ఊడగొట్టకూడని మనిషి ఉద్యోగం. అదీ ఎంత శుభ్రంగా చేశానంటే, నా లెక్క చూసి బోర్డు సభ్యులు చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం కూడా పెట్టాను.

ఇప్పుడు మేముండే మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా డేటా సైన్సు చదివే పిల్ల ఒకరు తగులుతారు. మొన్న పక్క వీధి మేఘన వచ్చింది. యూనివర్సిటీలో క్రీడల విశ్లేషణ చదువుతోంది.

"అంకుల్, మీరు ఫుటీ క్లబ్‌లో అనలిస్ట్‌గా చేశారంట కదా? స్కౌట్స్‌ని ఇవాల్యుయేట్ చేయడానికి ఏ మోడల్ యూజ్ చేశారు?"

"తువ్వాలు."

"సారీ?"

"టవలమ్మా, టవల్."

పిల్ల అక్కడే ఫోన్‌లో వెతికింది. ఆ పేరుతో మోడల్ ఏదీ కనిపించలేదని చాలా మర్యాదగా చెప్పింది. అలాంటి పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. జీతమెప్పుడు పెరిగింది, హోదా ఏమైంది లాంటివి ఇందులో ఉండవు. పెద్దగా పెరగలేదు కనుక అవి వదిలేయడం నాకేమీ కష్టంగా కూడా లేదు.

ట్యూబ్‌లైటు వైపు చూడటం

మాది చీరాలలో బట్టల కొట్టు. మా నాన్న, ఇద్దరు బాబాయిలు, ఒక గల్లాపెట్టె. నేను నడక నేర్చింది తానుల మధ్య. బేరంలో మా నాన్న నేర్పిన మొదటి పాఠం: ఎదుటివాడు ధర చెప్పగానే మాట్లాడకు, పైకి తలెత్తి ఫ్యాను వైపు చూడు. ఆ మౌనం భరించలేక వాడే రెండో ధర చెబుతాడు.

నేను గణాంకశాస్త్రం చదివి, మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీలో కుదురుకున్నాను. ఎనభైల చివర్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు లెక్కలు చూసే మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసి వెళ్ళాను. జనరల్ మేనేజర్ పేరు బ్యారీ. ఒకప్పటి ఆటగాడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, కుర్చీలోంచి లేచినప్పుడల్లా పాత తలుపులా చప్పుడు చేసేవాడు.

"ఫుటీ ఫాలో అవుతావా, మేట్?"

"బిల్లులు ఫాలో అవుతాను."

బ్యారీకి ఆ జవాబు నచ్చింది. జీతం చెప్పాడు. నేను తలెత్తాను. ఆ గదిలో ఫ్యాను లేదు, ట్యూబ్‌లైటు వైపు చూశాను. బ్యారీ కాసేపు చూసి ఇంకొంచెం పెంచాడు. విజయగర్వంతో ఇంటికెళ్ళి మా ఆవిడ రాజ్యలక్ష్మికి చెప్పాను. మొదటి రెండు నెలలు క్లబ్బులో ఎవరికీ జీతాలు ఇవ్వలేదు. లేని డబ్బును బేరమాడి పెంచుకున్న ఘనుణ్ణి నేను.

నా పేరు వెంకట సుబ్బారావు. మొదటి వారం 'వెంక్' అయింది. రెండో వారానికి 'విన్నీ' అయింది. అక్కడ ఆగింది.

ఆట, ఎంపిక, ముగ్గురు మనుషులు

అక్కడి ఫుట్‌బాల్ మనం అనుకునేది కాదు. మైదానం కోడిగుడ్డు ఆకారం, బంతీ దాదాపు అంతే. పక్కకు పద్దెనిమిది మంది. చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, అవతలివాడి వీపు మీద మోకాలు పెట్టి గాలిలోకి లేవవచ్చు. ఏడాదికోసారి దేశంలోని కుర్రాళ్ళ పేర్లు ఒకచోట పెట్టి, క్లబ్బులు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్టు అంటారు. ఆ ఏడు అడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు. మా జట్టు సాధారణంగా ముందు వరసలోనే ఎంచుకునేది. దాన్నిబట్టి మేమెలా ఆడేవాళ్ళమో అర్థం చేసుకోండి.

ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళను చూసొచ్చేవాళ్ళు స్కౌట్లు. మాకు ముగ్గురుండేవారు. రే రిటైరైన బడిపంతులు. అడిగితేనే మాట్లాడతాడు, అప్పుడూ కొంచెమే. కాలిన్ మంచి జుట్టు, మంచి చొక్కా. కోచ్ ఎక్కడ కూర్చుంటే పక్క కుర్చీలో ఉంటాడు. మూడోవాడు ట్రెవర్. ఉన్ని గోదాములో పర్మనెంటు ఉద్యోగం వదిలేసి మరీ స్కౌటయ్యాడు. మనిషి పెద్ద, గొంతు ఇంకా పెద్ద. అతని స్టేషన్ వ్యాగన్లో ఎప్పుడూ తడిసిన కుక్క వాసన వచ్చేది. అతనికి కుక్క లేదు.

ట్రెవర్ గొప్పలు కూడా తక్కువేం కాదు. "నేను ఆట చూడక్కర్లేదు విన్నీ. కుర్రాడు వాళ్ళ పొలం గేటు తీసి, బండి లోపలికి వెళ్ళాక, తిరిగొచ్చి గేటు మూస్తాడా లేదా చూస్తాను. మూసేవాడు చివరి నిమిషం దాకా పరిగెడతాడు."

"మెల్‌బోర్న్ కుర్రాళ్ళకి పొలం ఉండదు కదా?"

"అందుకే వాళ్ళలో సగంమంది పనికిరారు."

ఒకనాడు బ్యారీ పిలిచాడు. "ముగ్గురికి డబ్బుల్లేవు. ఇద్దరికే ఉన్నాయి. ఎవడు దండగో లెక్క తీసి చెప్పు. శుక్రవారం బోర్డు మీటింగు."

నేను ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాను. మాకు వచ్చిన కుర్రాళ్ళందర్నీ వరసపెట్టి, ఎవడు ఏ స్కౌటు తిరిగే ప్రాంతం నుంచి వచ్చాడో చూసి, ఆడిన ఆటలు లెక్కేశాను. మా కొట్లో పద్ధతి అదే. సూరత్ వెళ్ళిన గుమస్తా తెచ్చిన మూట మీద అతని గుర్తు ఉంటుంది. ఆ మూటలో చీరలు మిగిలిపోతే అతనిదే జవాబు. పడమటి పల్లెల నుంచి, అంటే ట్రెవర్ ప్రాంతం నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. ఇంకేం కావాలి? ట్రెవర్ దండగ. చప్పట్ల సంగతి మొదటే చెప్పాను.

ట్రెవర్ నా బల్ల దగ్గరికొచ్చాడు. ఆ పెద్ద గొంతు ఆ రోజు చిన్నదైంది.

"విన్నీ, ఆ కుర్రాళ్ళలో ఎంతమందిని నేను తీసుకోమన్నానో అడిగావా?"

"లేదు."

"ఎందుకు?"

ఎందుకంటే సరుకు మిగిలిపోయిన ప్రతి గుమస్తా అదే మాటంటాడు. బయటికి ఆ మాట అనలేదు గానీ నా ముఖంలో కనబడే ఉంటుంది. ట్రెవర్ క్లబ్బు కోటు విప్పి నా కుర్చీ మీద వేశాడు. "ఎక్స్‌ట్రా లార్జ్. నీకు టెంటుకి పనికొస్తుంది" అని వెళ్ళిపోయాడు.

ఊరికే వచ్చిన దాన్ని వదులుకునే వంశం కాదు మాది. ఆ చలికాలమంతా వేసుకున్నాను. మంచి ఉన్ని. "ఏమండీ, అందులోంచి మీరు బయటపడటానికి దారి కనిపిస్తోందా, నన్ను రమ్మంటారా?" అనేది మా ఆవిడ.

మీటింగులో కూర్చున్నాక

మరుసటి ఏడు ఎంపిక మీటింగుకు నన్నూ రమ్మన్నారు. శాండ్‌విచ్‌లకు ఎంతయిందో చూడటానికి లెండి. ఎంపిక ఎలా జరుగుతుందో నేను కళ్ళారా చూడటం అదే మొదటిసారి. లెక్క కట్టేశాక సరుకు కొనే పద్ధతి చూడటానికి వెళ్ళానన్నమాట.

కాలిన్ ప్రాంతం నుంచి ఒక పొడవాటి కుర్రాడి పేరు వచ్చింది.

"వద్దు. వాడి నడుము బాగాలేదు. వంగి బూటు తాళ్ళు కట్టుకోలేడు" అన్నాడు కాలిన్.

"తాళ్ళు ఎవరైనా కడతారు. ఆ పొడుగు ఎవరిస్తారు?" అన్నాడు కోచ్.

"నేనైతే తీసుకోను."

"నేను తీసుకుంటున్నాను."

అయిపోయింది. బ్యారీ పేరు రాసుకున్నాడు. నేను చెయ్యెత్తాను. శాండ్‌విచ్‌ల గురించి అనుకున్నారు అందరూ.

"ఈ కుర్రాడు రాణించకపోతే ఎవరి లెక్కలో పడతాడు?"

"కాలిన్‌దే కదా ఆ ఏరియా" అన్నాడు కోచ్.

కాలిన్ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. అతను దగ్గుతుంటే నాకు కనబడింది అతను కాదు, కోటు విప్పుతున్న ట్రెవర్. మా కొట్లో మూట మీద గుర్తు ఎవరిదో, కొన్నదీ వాడే. ఇక్కడ స్కౌటు చూసొస్తాడంతే. కొనేది వేరేవాళ్ళు. వద్దన్న సరుకు వాళ్ళు కొంటే, దాన్ని వద్దన్నవాడి మెడకే కట్టాను నేను. తప్పు గణాంకాలలో లేదు. నా రక్తంలో ఉంది. బట్టల కొట్టులో పుట్టనివాడెవడూ అంత సహజంగా ఈ తప్పు చేయలేడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. కోచ్ ఒక కుర్రాణ్ణి మెచ్చుకోగానే, అంతకు ముందు పెదవి విరిచిన కాలిన్ "నేనూ అదే చెబుదామనుకుంటున్నా" అన్నాడు. ఆ కుర్రాడు తర్వాత బాగా ఆడితే అతన్ని కనిపెట్టింది తానేనని చెప్పుకునేవాళ్ళు ఆ గదిలోనే నలుగురు తయారవుతారు. బోర్డు సభ్యుడి బావమరిదితో కలిపి ఐదుగురు.

అందుకని మీకు నా మొదటి సలహా. ఎవరి తీర్పును తూచదలచుకున్నారో, అది పక్కవాడి మాట వినకముందే పుచ్చుకోండి. తర్వాత వచ్చేది తీర్పు కాదు, మర్యాద.

తువ్వాలు

మా కొట్టు ఎదురుగా వారం వారం పశువుల సంత జరిగేది. దళారులు బేరం పైకి మాట్లాడరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఆ తువ్వాళ్ళు మేమే అమ్మేవాళ్ళం. ముదురు దళారులు మందం తువ్వాలే అడిగేవారు, వేలు కదిలితే పైకి తెలియకుండా.

క్లబ్బులో డబ్బు లేకపోయినా తువ్వాళ్ళకు కొదవలేదు. ఆ పై ఏడు మీటింగుకు ముందు రోజు రేనీ కాలిన్‌నీ విడివిడిగా పిలిచాను. నేను కుర్రాడి పేరు చెబుతాను. స్కౌటు నా వేళ్ళు పట్టుకోవాలి. ఒక వేలంటే మొదటి విడతలోనే తీసుకోవాలని. రెండంటే రెండో విడత. అలా అయిదు దాకా. నా చేతిని పిడికిలిగా ముడిచేస్తే, ఊరికే ఇచ్చినా వద్దని. ఇంకో క్లబ్బు తీసుకుపోయేలా ఉన్న కుర్రాళ్ళ పేర్లు కూడా అడిగేవాణ్ణి. ఎదురు కొట్లో అమ్ముడుపోయిన చీర గురించి మన గుమస్తా ఏమన్నాడో తెలియాలి కదా.

కాలిన్ మొదట నవ్వాపుకోలేకపోయాడు. "విన్నీ, మా ఆవిడ కూడా పెళ్ళినాడు నా చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదు."

"ఆవిడకి నీ ధర తెలిసుంటుంది. వేలు చెప్పు."

రేకి చక్కిలిగింతలు ఎక్కువ. జీవితంలో అతను అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అవన్నీ ఇక్కడ రాయలేను.

బ్యారీ తలుపు తీసి, తువ్వాలు కింద మా చేతులు చూసి, తలుపు మూసి, మళ్ళీ తీశాడు. "నాకు తెలియాల్సిందేమైనా ఉందా?"

"స్కౌటింగ్."

"దేవుడా" అని మళ్ళీ మూశాడు.

మేఘన అడిగింది, చీటీ మీద రాయించుకోవచ్చు కదా అంకుల్ అని. రాయించుకోవచ్చు. చీటీ మీద రెండు అని రాస్తే రెండే ఉంటుంది. వేళ్ళలో అలా కాదు. ఒక వేలు పట్టుకుని, వదిలి, రెండు పట్టుకుని, మళ్ళీ ఒకటికి వచ్చేవాడి మనసులో ఏముందో నా చేతికి తెలిసేది. ఖాయంగా చెప్పిన రెండు వేరు, జంకుతూ చెప్పిన రెండు వేరు. నేను ఆ జంకు కూడా రాసుకునేవాణ్ణి. మీ కంప్యూటర్లకు జంకు ఎలా ఎక్కించాలో నేర్చుకోండి. మిగతాదంతా అవే చేస్తాయి.

సన్‌షైన్‌లో టీ టవల్

ట్రెవర్ అప్పటికి మెల్‌బోర్న్ శివారు సన్‌షైన్‌లో మిల్క్ బార్ నడుపుతున్నాడు. పాలు, పేపర్లు, లాలీలనే పిల్లల మిఠాయిలు, మాంసం కూరిన వేడి పైలు అమ్మే వీధి చివరి కొట్టు. నేను లోపలికి వెళ్ళగానే, కొట్టు బిడ్డ కళ్ళతో చూశాను. పేపర్లు గుమ్మానికి దూరంగా ఉన్నాయి, లాలీలు పిల్లల కంటికి అందనంత ఎత్తులో ఉన్నాయి. ఇతను కొట్టు పెట్టుకోవడానికి పుట్టలేదు.

"ఏం కావాలి?" అన్నాడు, పేరు తెలియనట్టు.

"పై ఒకటి. నువ్వు ఆ కుర్రాళ్ళలో ఎంతమందిని తీసుకోమన్నావో అడుగుదామని వచ్చాను."

"పైకి సాస్ కావాలా?"

"కావాలి."

"సాస్‌కి వేరే." పై నా ముందుకు తోశాడు. "ముగ్గుర్ని తీసుకోమన్నాను. మిగతా అందర్నీ వద్దన్నాను. కోచ్‌ని అడుగు. నిజం చెప్పడనుకో."

ఆ మాటలో నిజమెంతో నాకు తెలియదు. ట్రెవర్ చేపల గురించి చెప్పినా రెండింతలు చేసే మనిషి. పాత మాటలు ఇక తేలవు, కొత్తవైతే తేలతాయి. అందుకని బేరం పెట్టాను. అతను శనివారాలు ఇప్పటికీ సొంత పెట్రోలుతో కుర్రాళ్ళను చూడటానికి వెళ్తున్నాడని నాకు తెలుసు. ఏటా డ్రాఫ్టుకు ముందు నేనొస్తాను. రేనీ కాలిన్‌నీ అడిగిన పేర్లే అతన్నీ అడుగుతాను. మూడు డ్రాఫ్టులు అలా చేసి, ఆ కుర్రాళ్ళు కుదురుకునేదాకా ఆగి, ముగ్గురినీ తూస్తాను. ట్రెవర్ ముందుంటే, నేనే బ్యారీ దగ్గరికెళ్ళి నా తప్పు ఒప్పుకుని అతని ఉద్యోగం అడుగుతాను.

"లేకపోతే?"

"అదీ నీకే మొదట చెబుతాను."

చాలాసేపు కౌంటరు తుడిచాడు. తుడుస్తున్న టీ టవల్‌నే మా చేతుల మీద కప్పాడు. "నాకు ఈ కొట్టు వద్దు విన్నీ. ఇంట్లో చెప్పకు" అన్నాడు. చెప్పాల్సిన పనేముంది? ఇంట్లోది, అంటే మౌరీన్, తలుపు పక్కనే నిలబడి ఉంది.

"ఇద్దరు మగాళ్ళు నా టీ టవల్ కింద చేతులు పట్టుకుని కూర్చుంటే పోలీసులను పిలవాలా, ఫాదర్‌ని పిలవాలా?"

"కస్టమర్లని పిలువు" అన్నాడు ట్రెవర్.

ట్రెవర్ వేళ్ళు పట్టుకునే తీరు వేరు. రే మెల్లగా ముట్టుకునేవాడు. కాలిన్ ఎటూ కాకుండా పట్టుకునేవాడు, అవసరమైతే తర్వాత మాట మార్చుకోవడానికి వీలుగా. ట్రెవర్ పట్టుకుంటే మర్నాడు కూడా నొప్పి. మిల్డూరా అనే ఊరి కుర్రాడొకడికి ఒక్క వేలు పట్టుకుని వదలలేదు. "వీడు గేటు మూశాడా?" అన్నాను. "వీడు పక్కవాళ్ళ గేటు కూడా మూశాడు!"

బాసుల గురించి ఒక మాట

బ్యారీ చెడ్డవాడు కాదు. చప్పున తేల్చేస్తాడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి తేలనివి కూడా తేల్చేసేవాడు. శుక్రవారంలోగా కావాలని అడిగే బాసుకు శుక్రవారంలోగా ఏదో ఒక జవాబు దొరుకుతుంది. దాన్ని ఇచ్చేది నాలాంటివాడు. బాసులను తిట్టుకునేముందు ఆ రెండో వాక్యం కూడా గుర్తుపెట్టుకోండి. అడిగింది అతనే గానీ "ఇంత సరుకుతో చెప్పలేను సార్" అనాల్సింది నేను. కొట్లో అయితే అనేవాణ్ణి. ఇక్కడ చప్పట్లు ముద్దొచ్చాయి.

పదిహేడేళ్ళ కుర్రాణ్ణి రెండు సీజన్లలో తూచడం కూడా మా పండగ సరుకు బుద్ధే. దీపావళికి అమ్ముడుపోని చీర తర్వాత పోదు. కుర్రాళ్ళు తర్వాత కూడా అమ్ముడుపోతారు. కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టినవాడు ఇంకో క్లబ్బుకు వెళ్ళి విరగదీసి ఆడతాడు. అది స్కౌటు తప్పా, కోచ్ తప్పా? మీ లెక్కలో కోచ్‌కు ఒక గడి పెట్టండి. పెట్టినట్టు ఆయనకు చెప్పకండి.

తూకం

మూడు డ్రాఫ్టులయ్యాయి. ఆగాల్సినంత కాలం ఆగాను. తొంభైల్లోకి వచ్చేశాం. ఒక ఆదివారం వంటింటి బల్ల మీద అంతా పరిచాను. ముగ్గురు కట్టిన వేళ్ళు ఒక పక్క, కుర్రాళ్ళు నిజంగా ఎంతవాళ్ళయ్యారో ఒక పక్క. పిడికిళ్ళకు కూడా విలువ కట్టాను. వద్దన్నవాడు నిజంగానే పనికిరాకపోతే అదీ సంపాదనే.

రే ముందున్నాడు, అనుమానం లేకుండా. ట్రెవర్ రెండు. కాలిన్ మూడు. కానీ ఆ ఇద్దరి మధ్య తేడా ఒక్క కుర్రాడు. మిల్డూరా వాడు. వాణ్ణి పక్కన పెట్టి చూస్తే కాలిన్ రెండు, ట్రెవర్ మూడు.

తక్కెడ దండి మీద చిటికెన వేలు ఆనిస్తే చాలు, ట్రెవర్ కాలిన్‌ని అనుమానం లేకుండా దాటేస్తాడు. ఎవరికీ తెలియదు. ఆ విద్య నాకు కొత్తా? మా ఆవిడ పప్పు గిన్నె పెట్టడానికి చోటు వెతుకుతూ నా ముఖం చూసింది.

"ఏమైందండీ? మీ ట్రెవర్ గెలిచాడా?"

"గెలవలేదు. ఓడిపోనూ లేదు. కాలిన్ కంటే పైన అని చెప్పలేను, కాదని చెప్పలేను."

"కోమటి సాక్ష్యం అంటే ఇదేనన్నమాట" అని గిన్నె సరిగ్గా మిల్డూరా కుర్రాడి మీద పెట్టింది.

మా వాళ్ళకు ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఆ రోజు నాకు తెలిసినంతలో నిజం అంతే. బ్యారీ దగ్గరికి వెళ్ళాను.

"ట్రెవర్‌ని తీసేయడం తప్పు. ఆ లెక్క నాది, తప్పూ నాదే. వెనక్కి తీసుకో."

"డబ్బు ఇద్దరికే. కాలిన్‌ని తీసేయమంటావా?"

"అనను."

"అంటే కాలిన్ మెరుగా?"

"అదీ అనను."

"మరేమంటావు?"

"తెలియదంటాను."

"తెలియదని చెప్పడానికా నీకు జీతమిచ్చేది?"

"మొదటిసారే ఆ మాట చెప్పుంటే ఆ జీతం సంపాదించినవాణ్ణి."

బ్యారీ మోకాళ్ళు చప్పుడు చేశాయి. తలుపు తీసి పట్టుకున్నాడు. మూడో మనిషికి డబ్బు అడిగాను, సగం జీతమడిగాను, పెట్రోలు ఖర్చులైనా ఇమ్మన్నాను. అంత దిగి నేనెప్పుడూ బేరమాడలేదు. చివరికి, అతను పనికిరాక తీయలేదని ఒక ఉత్తరం రాయమన్నాను. "నువ్వే వెళ్ళి చెప్పుకో" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. ట్రెవర్ కౌంటరు మీద రెండు చేతులూ ఆన్చి విన్నాడు.

"మొదటివాణ్ణి కాదన్నమాట" అన్నాడు. ఆ పెద్ద మనిషి ముఖం కాసేపు చూడలేకపోయాను. తర్వాత తల ఎత్తాడు. "కానీ కాలిన్ కంటే పైన. ఉన్నవి రెండు కుర్చీలు. రే ఒకటి, నేనొకటి. ఇంకేం కావాలి నీకు?"

"ఒక్క కుర్రాడి తేడా అది. వాడి మోకాలు జారి ఉంటే నువ్వు కింద."

"జారలేదుగా!"

"జారలేదు. ఆ మోకాలు పట్టుకుని కాలిన్‌ని ఇంటికి పంపలేను ట్రెవర్. ఈ లెక్క దానికి చాలదు."

మౌరీన్ లోపలి నుంచి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ట్రెవర్ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"నన్ను తీసేయడానికి నీకు ఒక్క మధ్యాహ్నం చాలింది. తిరిగి పెట్టడానికి ఇన్నేళ్ళ వేళ్ళు చాలవా?"

"ఆ రోజు కూడా చాల్లేదు. చాలిందని చెప్పాను."

అతను కౌంటరు మీంచి చేతులు తీసేశాడు. లోపలికి వెళ్ళే తలుపు తెర పక్కకు లాగి, నా వైపు తిరగకుండానే వెళ్ళిపోయాడు. మరుసటి డ్రాఫ్టుకు ముందు మళ్ళీ వెళ్ళాను. నాకు పేపరు అమ్మాడు. చేతులు కౌంటరు కిందే ఉంచుకున్నాడు.

ఇక ఆఖరి బిల్లు. క్లబ్బుకు మిగిలింది ఒక చిన్న జీతం, కొంత పెట్రోలు. క్లబ్బుకు పోయిందేమిటో తేలలేదు. ట్రెవర్ ఉండుంటే ఇంకో మంచి కుర్రాడు వచ్చేవాడేమో, రాకపోయేవాడేమో. తేలినట్టు రాస్తే మళ్ళీ అదే తప్పు. కాలిన్‌కు తన ఉద్యోగం ఎంత సన్నటి దారం మీద నిలిచిందో తెలియదు. ఆ తర్వాత నా లెక్క మీద ఇంకెవరి ఉద్యోగమూ పోలేదు. దాన్ని నా జమ కింద వేసుకుందామని చాలాసార్లు అనిపించింది, కానీ అది కాలిన్‌కు, రేకి, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళకు పనికొచ్చింది. ట్రెవర్‌కు పోయింది తనకిష్టమైన పని. నేను తిరిగి ఇవ్వగలిగింది నువ్వు మధ్యరకం వాడివి, తీసేయదగ్గవాడివి కాదు అన్న మాట. అది నిజమే, చాలదు. మిగతా బాకీ నా పేరు మీదే ఉంది.